ఆనపకాయ బుర్రలో గెడ్డ నీళ్ళు

మా ఆయన సైకిలెక్కి ఎడారి దేశానికి బయల్దేరిన పొద్దున నేను ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ప్రార్థనలో ఉన్నానని తర్వాత మా వాళ్ళకి చెప్పుకున్నాను గానీ, అది ఉత్త మాట. అలిగి కూర్చున్నాను. మూతి ముడుచుకుని, ఎప్పుడో ఆరిపోయిన పొయ్యిని ఊదుతూ కూర్చున్నాను. బయట సైకిలు గంట మోగింది. కాసేపాగి మళ్ళీ మోగింది. నన్నే పిలుస్తున్నాడని తెలుసు. మోగనీ, ఎంతసేపు మోగిస్తాడో మోగించనీ అనుకున్నాను.

మాది అరకు లోయలో ఒక మిషను బడి. జర్మనీ యుద్ధం ముగిసి కొన్నేళ్ళయింది. మన్యంలో పితూరీ కూడా అణిగిపోయి ఘాటీల మీద పోలీసులు పలచబడ్డ రోజులవి. ఆయన బడిపంతులు, నేను పంతులుగారి భార్యను. నేను పుట్టి పెరిగింది భీమిలిలో, సముద్రం పక్కన. పెళ్ళయ్యాక ఎడ్లబండిలో అనంతగిరి ఘాటీ ఎక్కుతూ దారి పొడుగునా వాంతులు చేసుకున్నాను. పైకొచ్చాక చలికి పళ్ళు టకటకలాడుతుంటే, "ఈ కొండల్లో నేను బతకను, రాసి పెట్టుకోండి" అని ఆయన మొహం మీదే అన్నాను. బతికాను. బతికించింది మా పక్కింటి ముసలావిడ.

ఆమెను ఊరంతా ఆయా అనేవారు. ఆ కొండ మాటలో ఆయా అంటే తల్లి. తడిసిన కట్టెతో పొయ్యి ఎలా రాజెయ్యాలో, కాలికి పట్టిన జలగను ఎలా వదిలించుకోవాలో, మామిడి టెంకల్ని గెడ్డలో నానేసి వగరు ఎలా పోగొట్టాలో ఆవిడే నేర్పింది. గెడ్డ అంటే మా ఊరి పక్కన పారే కొండవాగు. నేను చలిజ్వరంతో మూలుగుతుంటే నా కాళ్ళ దగ్గరే కూర్చుని రాత్రింబవళ్ళు కాపలా కాసింది. నా మొదటి కాన్పు కూడా ఆవిడ చేతుల మీదే జరిగింది. ఆడపిల్ల. పుట్టింది గానీ ఏడవలేదు. నేను ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాను, ఆయన గుమ్మంలో కొయ్యబారిపోయి నిలబడ్డాడు. అప్పుడు ఆ బిడ్డను గుడ్డలో చుట్టి పెరట్లోకి తీసుకువెళ్ళింది ఆయానే. పనసచెట్టు కింద ఏ వేళ నీడ ఎటు పడుతుందో ఆవిడకు బాగా తెలుసు. పొద్దస్తమానం నీడ ఉండే చోటు చూసి అక్కడ తవ్వింది.

"ఎండ తగలని సోట పెట్టినాను గుంటా. నువ్వేటీ బెంగెట్టుకోకు" అని కూతుర్ని పిలిచినట్టు పిలిచి నా తల నిమిరింది. ఆ మాట నాకు ఏ ప్రార్థనా ఇవ్వనంత నిమ్మళం ఇచ్చింది. సంఘపు పెద్దలు వింటే ఏమనుకుంటారో నాకు తెలియదు, ఉన్న మాట చెబుతున్నాను.

ఆయాకు ఒక్కడే కొడుకు. యుద్ధం రోజుల్లో కూలీల కోసం తిరిగే మేస్త్రీ ఒకడు వచ్చి, మూటలు మోసే పనికని కొండ కుర్రాళ్ళను కొందరిని తీసుకుపోయాడు. వాళ్ళలో అతనూ ఉన్నాడు. ఓడెక్కించి ఎడారి దేశంలోని బస్రా రేవుకు తీసుకువెళ్ళారు. అక్కడి నుంచి ఎడారిలోకి పంపాక జ్వరం వచ్చి పోయాడని, నది ఒడ్డున ఒక ఆస్పత్రి గుడారాల వెనక ఇసకలో పాతిపెట్టారని, చాలా కాలానికి మా కొండ ఊళ్ళ పెత్తందారు ముఠాదారు ద్వారా కబురొచ్చింది. అంతే. బట్ట ముక్క కూడా రాలేదు.

ఆవిడ ఏడవాల్సినంత ఏడిచింది. తర్వాత ఒక్కటే అడగడం మొదలుపెట్టింది. "అక్కడ నీడుంటాదా?" అని. అడవి గార్డును అడిగింది, సంతకు ఉప్పు తెచ్చే వర్తకుణ్ణి అడిగింది. మా మిషను దొరను కూడా వదల్లేదు. ఆయన పాపం మంచివాడు, పరలోకంలో చల్లని నీడ ఉంటుందని ఓదార్చబోయాడు. "పైన సంగతి కాదు దొరా, కింద సంగతి సెప్పు" అంది. దొర నోరు తెరుచుకుని మా ఆయన వైపు చూశాడు. మా ఆయన నేల చూపులు చూశాడు.

ఆ దొరకు కొండ నీళ్ళు పడక, జబ్బు చేసి తన దేశానికి వెళ్ళిపోతూ, తన సైకిలును మా ఆయనకిచ్చి పోయాడు. నల్ల సైకిలు, తోలు సీటు, ముందు కార్బైడు దీపం. మా ఊళ్ళో నేల ఎక్కడైనా తిన్నగా ఉంటే కదా! వరికోసిన మళ్ళలో నేర్చుకున్నాడు. పడ్డాడు, లేచాడు, పడ్డాడు. ఊరు ఊరంతా గట్టు మీద కూర్చుని తినుబండారాలతో సహా తమాషా చూశారు. పంతులుగారి పరువు గెడ్డలో కలిసింది. అయినా నేర్చుకున్నాడు. నేర్చుకున్న కొన్నాళ్ళకి ఒక సాయంత్రం అంబలి తాగుతూ, సంతకు వెళ్ళొస్తానన్నంత మామూలుగా, "బస్రాకి వెళ్ళొస్తాను" అన్నాడు.

"ఎక్కడికీ?"

"బస్రాకి. ఆయా కొడుకు దగ్గరికి."

నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆయన మొహం చూశాక నవ్వు పోయింది. కొండ దిగి శృంగవరపుకోట మీదుగా మైదానాలకు చేరి, నైజాం దేశం అడ్డంగా దాటుకుని బొంబాయి, అక్కడ స్టీమరులో ఏదో ఒక పని కుదుర్చుకుని బస్రా, బస్రా నుంచి నది వెంబడే ఎడారిలో సైకిలు మీద పైకి. చేతివేళ్ళతో చాప మీద గీసి మరీ చూపించాడు.

"రైలన్నది ఒకటి ఉందండీ లోకంలో" అన్నాను.

"ఎడారిలో రైలు నన్ను దింపాల్సిన చోట దింపదు కదా. కాళ్ళకి ఎండ, దూరం అలవాటు కావాలంటే ఇక్కడి నుంచే తొక్కాలి."

"దేశంలో ఎందరి కొడుకులో పోయారు. అందరి సమాధులకీ మీరే వెళ్తారా? నన్నీ కొండ మీద ఎవరికి వదిలేసి పోతున్నారు? మా వాళ్ళు వచ్చి, మొగుడేడే అంటే ఏం చెప్పను, సైకిలెక్కి పారిపోయాడని చెప్పనా?"

నా నోరు మొదలైతే ఆగదు. అదే అలిసిపోయేదాకా ఆయన ఆగాడు. చివరికి నేను ఊపిరి తీసుకుంటున్నప్పుడు మెల్లిగా అన్నాడు: "మన పిల్లకి నీడ చూసి పెట్టింది ఎవరు?"

నేను గిన్నెలు తీసుకుని పెరట్లోకి వెళ్ళిపోయాను. జవాబు లేక కాదు, ఆ జవాబు నాకు గిట్టక. మర్నాడు ఆయన గాలిపంపు తీసుకుపోయి చోడిపిండి కుండలో, రాగిపిండి అడుగున దాచాను. నోటితో ఊదుకుని బస్రా పోతాడా అని నా ధీమా. ఆయన దొరికించుకున్నాడు. పిండి దులిపి, తుడిచి, దాని మేకుకు దాన్ని తగిలించాడు. నన్ను పల్లెత్తు మాట అనలేదు. అన్నా బాగుండేది, పోట్లాడుకునేవాళ్ళం.

ఇక బయల్దేరే రోజు సంగతి. క్రైస్తవుడు కదా, మంచిరోజు చూడడు. బడికి సెలవులు ఉంటాయి, ఊరంతా సందడిగా ఉంటుంది, ఎవరూ తనను పట్టించుకోరు అని చెప్పి ఇటుకల పండుగ నాడు ప్రయాణం పెట్టుకున్నాడు. అక్కడే దెబ్బతిన్నాడు.

చైత్రంలో వచ్చి కొన్ని రోజులు సాగే ఆ పండుగ మా కొండల్లో అన్నిటికన్నా పెద్దది. మొగవాళ్ళంతా విల్లంబులు పట్టుకుని వేటకు పోతారు. ఆడవాళ్ళు ఊరి దారికి అడ్డంగా వెదురు గెడ కట్టి, వచ్చేపోయే వాళ్ళను ఆపి, ఆటపట్టించి, ఏదో ఒకటి పుచ్చుకుని గానీ వదలరు. వేటకు పోయినవాడు ఏదో ఒకటి కొట్టుకు రావాలి. ఉత్తి చేతులతో వచ్చాడా, ఆ గెడ దగ్గరే ఆడవాళ్ళు పేడనీళ్ళ కుండలతో కాచుకుని ఉంటారు. మొదటి కుండ పెళ్ళాం చేతిది. పెళ్ళాం పోస్తే ఆ మొగవాడు మళ్ళీ అడవికి పోవాల్సిందే, పండుగ లోపల. పెళ్ళాం జాలిపడి కుండ దించేసిందనుకోండి, మిగతావాళ్ళు కూడా దించేస్తారు. కానీ అతని విల్లు ఆ ఏటికి అటక ఎక్కినట్టే. ఇంట్లో కూర్చోవాలి. ఎవరూ ఏమీ అనరు, అతనూ మళ్ళీ పోతాననకూడదు. మా ఊళ్ళో పద్ధతి ఇది, పక్క ఊళ్ళ సంగతి నాకు తెలియదు.

మరి ఆ పండుగ నాడు ఊరు దాటిన మొగవాడు ఎవరైనా సరే వేటకు పోయినట్టే లెక్క. ఈ ముక్క నాకూ తట్టలేదు, ఆయనకూ తట్టలేదు. ఇద్దరం ఆ ఊళ్ళో అన్నేళ్ళు ఉండి ఏం లాభం?

తుడుములు మోగుతున్నాయి. పొయ్యి దగ్గర కూర్చుని కిటికీలోంచి దొంగచూపు చూశాను. ఆయన సైకిలు మీద చోడిపిండి మూట, బెల్లం, మామిడి తాండ్ర, ఒక దుప్పటి. ఆయా వచ్చింది. చేతిలో ఎండిన ఆనపకాయ బుర్ర. మూతికి ఆకు చుట్టి మైనంతో బిగించింది. అందులో గెడ్డ నీళ్ళు. పోయినవాళ్ళకు సొంత ఊరి నీళ్ళు దక్కకపోతే దాహం తీరదని ఆవిడ నమ్మకం.

"మా గుంటడి మీద ఒంపీ బాబూ" అంది. "ఆడు సిన్నప్పుడు ఈ గెడ్డలోనే పడుండేవోడు, ఎంత పిల్సినా ఒడ్డుకొచ్చేవోడు కాదు. నీడుందో నేదో కూడా సూసి రా."

ఆయన ఆ బుర్రను సైకిలు ముందు కడ్డీకి, రెండు చేతుల మధ్య, కళ్ళెదురుగా కట్టుకున్నాడు. గంట మోగించాడు, మోగించాడు, వెళ్ళిపోయాడు. వేటగాళ్ళ వెనకే సైకిలు నడిపించుకుంటూ పోతుంటే వెదురు గెడ దగ్గర ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. "పంతులు బాబు కూడా ఏటకే! ఏటి కొడతావు బాబూ, గంట కొట్టి సంపుతావా?" అన్నారట. కానుకగా ఒక కీర్తన పాడించుకుని గానీ వదల్లేదట. ఆయన గొంతు ఎలాంటిదో నాకు తెలుసు. బేగి వదిలేసి ఉంటారు.

ఆ పగలంతా నాకు ఇల్లు పట్టలేదు. గంట మోగినప్పుడు లేచి వెళ్ళనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. మధ్యమధ్య ఆయన్నీ తిట్టాను, న్యాయంగా.

మర్నాడు మధ్యాహ్నం దాటాక గెడ దగ్గర కేకలు. ఎవరో ఆడపిల్ల పరిగెత్తుకొచ్చి, "పంతులమ్మా, బేగి రా! మీ ఆయన ఉత్తి సేతుల్తో వచ్చినాడు!" అని నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

మలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఊళ్ళోకి రాడు, వెనక్కి పోడు. సైకిలు ముందు కడ్డీ వంకర తిరిగిపోయింది. పంచె చిరిగి మోకాలి మీద నెత్తురు ఎండిపోయి ఉంది. దించిన తల ఎత్తడం లేదు. టైడా ఊరి దిగువన ఘాటీలో బ్రేకు పట్టక, వంపులో బండకు కొట్టుకుని పడ్డాడట. దెబ్బ సంగతి ఆయనకు పట్టలేదు. కడ్డీకి కట్టిన తాడు అలాగే ఉంది, తాడులో బుర్ర మెడ ముక్క ఒక్కటి ఉంది. మిగతా బుర్ర, నీళ్ళు, అక్కడే రాళ్ళపాలయ్యాయి. కళ్ళెదురుగా ఉంటే భద్రమని కట్టుకున్నాడు, ముందు పగిలింది అదే. ఆ పగిలిన ముక్కతో ఆయాకు మొహం ఎలా చూపించాలో తెలియక ఆ మలుపులో ఎంతసేపు నిలబడ్డాడో ఏమో.

ఆడవాళ్ళ దగ్గర కుండలు సిద్ధంగా ఉన్నాయి. అప్పటికే ఒకరిద్దరికి స్నానాలయ్యాయి, నేలంతా పేడ బురద. అందరూ నవ్వుతూ దారి ఇచ్చారు. కుండ తెచ్చి నా చేతిలో పెట్టింది ఆయా. ఆవిడ నవ్వడం లేదు. ఆ తాడులో ఉన్న ముక్కను ఆవిడ చూసింది, నాకన్నా ముందే చూసింది.

"ఇది నీది" అంది మెల్లిగా. "పోస్తావో దించేస్తావో నీ ఇష్టం గుంటా. నానేటీ అనను. ఎవుల్నీ అననియ్యను."

చెప్పొద్దూ, ఆ క్షణంలో నాకు ఎంత సంతోషం కలిగిందో! దేవుడే ఆ వంపులో బండను పెట్టాడనుకున్నాను. కుండ కింద పెడితే చాలు. సైకిలు అటకెక్కుతుంది. ఊళ్ళో ఒక్కరు కూడా ఆయన్ని వేలెత్తి చూపరు. ఆయనకూ పరువు దక్కుతుంది, నాకు ఆయన దక్కుతాడు. సాయంత్రం కాళ్ళకు వేన్నీళ్ళు పెట్టి, మోకాలికి పసరు రాసి, వేడిగా అంబలి పోస్తాను. ఆయా కూడా సరేనంది కదా. నేను కుండను నడుము దాకా దించాను. వెనక ఆడవాళ్ళు కూడా దించుతున్న చప్పుడు వినిపించింది.

అప్పుడు ఆయన తలెత్తాడు. నా వైపు కాదు, ఆయా వైపు చూశాడు. ఏదో చెప్పబోయి, తాడులో ఉన్న ముక్కను అరచేత్తో మూశాడు. ఆయా ఆయన్ని చూడటం లేదు. ఎటు చూస్తోందా అని నేనూ అటు తిరిగాను. గెడ దగ్గర నుంచి మా పెరడు కనిపిస్తుంది. పనసచెట్టు కనిపిస్తుంది. చైత్రమాసపు ఎండ ఊరంతా కాల్చేస్తున్నా ఆ చెట్టు కింద ఆ కాస్త నేల చల్లగా, నల్లగా ఉంది. నేను రోజూ పొద్దున్నే లేచి చూసుకునేది ఆ నేలనే. నా బిడ్డ ఎక్కడుందో, దానికి ఎండ తగులుతుందో లేదో నేను ఎవరినీ అడగనక్కర్లేదు. ఈవిడ ఇన్నేళ్ళుగా దారిన పోయే ప్రతివాడినీ అడుగుతోంది.

కోపం వచ్చింది నాకు. ఎవరి మీదో చెప్పలేను. ఆ మేస్త్రీ మీద, ఆ యుద్ధం మీద, ఇంత మంచివాడై పుట్టిన మా ఆయన మీద, అందరి మీదా వచ్చింది. కుండ పైకెత్తి నా బలమంతా పెట్టి ఆయన నెత్తి మీద కుమ్మరించాను.

"పో!" అని అరిచాను. "మళ్ళీ పో! బేగి పో!"

ఆడవాళ్ళంతా కేకలేస్తూ తలో కుండా గుమ్మరించారు. ఆయన ఆ పేడలో నిలువెల్లా తడిసి, ముందు బిక్కచచ్చిపోయి, తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయో పేడనీళ్ళు కారుతున్నాయో తెలియలేదు. నేను మాత్రం ఏడుస్తూనే ఉన్నాను. ఆయా నా భుజం మీద చెయ్యి వేసింది.

కమ్మరి కొలిమి దగ్గర కడ్డీ సాపు చేయించారు. బ్రేకుకు తోలు ముక్క కొత్తది వేశారు. ఆయా రెండు బుర్రలు నింపింది. "ముందర కట్టకు బాబూ, ఎనక కట్టు. ఒకటి పగిల్తే ఒకటుంటాది. గెడ్డకేటి, పారతానే ఉంటాది" అంది. ఈసారి బయల్దేరినప్పుడు గంట మోగించే పని లేకపోయింది. గెడ దాకా నేనే సైకిలు పట్టుకుని నడిచాను. ఏవేవో జాగ్రత్తలు చెప్పాను. ఎండలో తలకు తడిగుడ్డ చుట్టుకోమన్నాను, తెలియని బావిలో దిగొద్దన్నాను, ఒంటె దగ్గరికి పోవద్దన్నాను. ఒంటెను నేను ఎప్పుడు చూశాను గనక!

నైజాం దేశం నుంచి ఒక కార్డు వచ్చింది, బొంబాయి నుంచి ఇంకొకటి. ఆ తర్వాత ఏమీ లేదు. మా అన్నయ్య భీమిలి నుంచి వచ్చి ఇంటికి తీసుకుపోతానన్నాడు. రానన్నాను. బళ్ళో పిల్లలకు అక్షరాలు నేనే దిద్దించాను. ఆయా రాత్రుళ్ళు మా అరుగు మీద పడుకునేది. ఎవరికి ఎవరు కాపలానో తెలియదు. ఆవిడ నన్ను ఆయన కబురు అడిగేది కాదు. నేను కూడా ఆవిడ ముందు మొహం మామూలుగా పెట్టుకునేదాన్ని. ఇద్దరం చోళ్ళు విసురుకుంటూ, లేనిపోని కబుర్లు చెప్పుకుంటూ, దారి వైపు చూడనట్టు చూసేవాళ్ళం.

ఆ ఏడు వర్షాలు వచ్చాయి, పోయాయి. మళ్ళీ చైత్రం వచ్చింది, పండుగ అయిపోయింది. ఆయన రాలేదు. ఆ రోజుల గురించి నేను ఎక్కువ చెప్పను. మరుసటేడు పండుగకు నేను గెడ దగ్గరికి కూడా పోనన్నాను. ఆయానే రెక్క పట్టుకుని లాక్కుపోయి చేతిలో కుండ పెట్టింది. "నీ మొగుడు ఏటకే గదా పోయినాడు. నువ్వు నేకపోతే ఎలగ?" అంది.

అలా నేను కుండ పట్టుకుని నిలబడి ఉండగానే మలుపులో సైకిలు గంట మోగింది.

నల్లగా, కమిలిపోయిన తుమ్మకొయ్యలా ఉన్నాడు. గడ్డం పెరిగింది. సైకిలుకు సీటు లేదు, గోనె పట్టా చుట్టి ఉంది. సరిగ్గా పండుగ నాడే ఊళ్ళోకి వచ్చాడంటే శృంగవరపుకోటలో కాచుకుని కూర్చుని మరీ వచ్చాడని నా అనుమానం. అడిగితే ఇప్పటికీ నవ్వుతాడు గానీ చెప్పడు.

ఎడారి కబుర్లు తర్వాత ఎన్నో చెప్పాడు. బస్రా దాటి బయల్దేరిన మొదటి పొద్దునే ఇసక వేడికి ట్యూబుకు వేసిన అతుకులన్నీ ఊడిపోయాయట. తొక్కిన దూరం కన్నా తోసిన దూరమే ఎక్కువట. ఒక రోజు తాగే నీళ్ళు అయిపోయి నాలుక అంగిటికి అతుక్కుపోయిందట. వెనక బుర్రలో గెడ్డ నీళ్ళు అడుగడుగుకీ చప్పుడు చేస్తున్నాయట. ఒక బుర్ర ఓడలోనే నెర్రి ఇచ్చింది, ఉన్నది ఒక్కటే. దాని చప్పుడు వినపడకుండా గట్టిగా కీర్తనలు పాడుకుంటూ తోశాడట. ఆ పాట విని ఒంటెలవాళ్ళు ఎవరో వచ్చి పాలు పోశారట. ఆ గొంతుకు ఒక్కసారైనా మేలు జరిగింది.

కానీ ఇవన్నీ తర్వాత. ఆ రోజు గెడ దగ్గర ఆడవాళ్ళెవరూ కుండ ఎత్తలేదు, నవ్వలేదు. ఆయా ముందుకు వెళ్ళి పండుగ పద్ధతి ప్రకారమే అడిగింది. "ఏటి తెచ్చినావు బాబూ?"

ఆయన వెనక కట్టిన బుర్ర విప్పి ఆవిడ చేతిలో పెట్టాడు. ఆయా దాన్ని తలకిందులుగా పట్టుకుని ఊపింది. ఒక్క చుక్క కూడా రాల్లేదు.

"ఒంపేసినావా?"

"ఏ దిబ్బ ఎవరిదో రాసి లేదాయా. వరసగా చాలా దిబ్బలున్నాయి. అన్నిటి మీదా తలో చుక్కా పోశాను."

"మంచి పని సేసినావు. ఆల్లకీ తల్లులుంటారు గదా" అంది. బుర్రను గుండెకు ఆనించుకుంది. మేమందరం ఎదురు చూస్తున్న మాట అప్పుడు అడిగింది.

"నీడుందా బాబూ?"

ఆయన అబద్ధం చెబితే బాగుండునని నేను మనసులో ఏసుప్రభువును వేడుకున్నాను. దేవుణ్ణి అలాంటిది అడిగింది అదొక్కసారే.

"లేదాయా" అన్నాడు. "చెట్టన్నది లేదు. అందుకని నేనే నిలబడ్డాను. ఒక్కో దిబ్బ దగ్గరా కాసేపు, పొద్దు వాలిందాకా, నా నీడ వాళ్ళ మీద పడేటట్టు."

నా చేతిలో కుండ ఎప్పుడు జారిపోయిందో నాకు తెలియదు, కాళ్ళ మీదంతా పేడ నీళ్ళు. ఆయా ఆయన మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, కమిలిపోయిన ఆ బుగ్గల్ని, పెదాల్ని తడిమి తడిమి చూసింది. తర్వాత నా వైపు తిరిగి కసిరింది.

"సూస్తన్నావేటి గుంటా? అంతసేపు ఎండలో నిలబడినోడు. బేగి నీల్లు తే!"

నేను గెడ్డ వైపు పరిగెత్తాను.